దూడ యెదుట జున్ను బేరం

పాలకడలిలో పుట్టి సిరులనేలే తల్లికి మ్రొక్కి, ఈనిన మరునాడే బేరానికి దిగిన కాళింది అనే గేదె కథ విన్నవిస్తున్నాను.

ఓడరేవు చెంతనున్న పాకలోకి, ద్వీపాంతర వర్తకుడైన రత్నదంతుడనే ఎలుక చీజ్ ముక్కతో విచ్చేశాడు.

“అత్తా, ఇది సీమజున్ను! నీ ముర్రుపాలన్నీ నాకిస్తే మన జున్నును కూడా ఓడ ఎక్కిస్తాను. నీ పేరు ఏడు సముద్రాలు దాటుతుంది.”

“మరి దూడకో?”

“దానికి గంజినీళ్లు చాలవా ఏమిటి?”

కాళింది మురిసిపోయి సరేనంది. పొదుగు కోసం వచ్చిన దూడను కాలితో నెట్టి, ఆ ముక్కను వాసన చూసింది.

“మన జున్ను ముర్రుపాలు కాస్తే దానంతటదే గట్టిపడుతుంది. ఇది దేనితో గట్టిపడిందిరా అల్లుడూ?”

రత్నదంతుడు తల దించుకున్నాడు. “అడగకూడనిది అడిగావత్తా. పాలు మరవని లేగదూడను కోసి తీసిన కడుపు పొరతో.”

దూడ మెల్లగా అడిగింది. “అమ్మా, ఆ దూడ వాళ్లమ్మ కూడా సరేనందా?”

కాళింది సిగ్గుతో కన్నులు మూసుకుని, పొదుగును దూడ వైపు త్రిప్పి నిలిచింది. రత్నదంతుడు తన సరకును తోకతో కప్పుకుని వెళ్లిపోయాడు.

ఈ కథ విన్నవారి యిండ్లలో పసినోళ్లకు పాలు కొరవడకుండుగాక!