ఆజాద్ వీసా

“కేసు ఏ కంపెనీ మీద ఎయ్యాలె కేస్లీ? ముందుగాల అది చెప్పు.”

ఎల్లారెడ్డి కోర్టు వరండాలో పద్మప్రియ వకీలు అడిగింది. గాంధారి పక్క తండా నుంచి వచ్చిన కేస్లి, మరిది ప్రేమ్‌సింగ్ వైపు చూసింది.

“మా అన్న దుబాయిల బిల్డింగు మీదికెళ్లి పడ్డడు మేడమ్,” అన్నాడు ప్రేమ్‌సింగ్. “నడుము ఇరిగింది. గా బిల్డింగు కంపెనోళ్లు మా మనిషి కాదంటున్నరు.”

“మరి వీసా ఇచ్చిన సేటు?”

“నా దగ్గర పనే చెయ్యలే అంటున్నడు.”

వకీలు కళ్లద్దాలు తీసింది. “ఆజాద్ వీసానా?”

“అవు మేడమ్!” కేస్లి గబగబా ముందుకొచ్చింది. “యాడ నచ్చితే గాడ పని చేసుకోవచ్చు. ఒక్క సేటు కింద పడి ఉండేదే లేదు. నా మొగడు నక్కతోక తొక్కిండని తండా అంతా అన్నది.”

“ఏజెంటు గట్లనే చెప్తడు. చట్టంల అసొంటి వీసానే లేదమ్మా. కాయితంల ఉన్న సేటు దగ్గర ఆయన పని చెయ్యలే. పని చేసిన కాడ కాయితం లేదు. ఆడ ఆయన ఎవ్వరి మనిషీ కాదు.”

కేస్లి గోడకు ఆనుకుంది. “ఆజాద్ అంటే గిదా?”

వచ్చే వారమే దుబాయికి ప్రేమ్‌సింగ్ ప్రయాణం. ఆమె మెల్లగా అతనికేసి తిరిగింది.

“నీది ఏం వీసా?”

అతను తల దించుకున్నాడు.

“గదే, వదినా. అన్నను తోల్కరావాలంటే ఎవరో ఒకరు పోవాలె గద.”