రాళ్లవాగు బ్రిడ్జి

అరవై రెండు మంది గురించి చదవడానికి మల్సూర్‌కు అరగంట పట్టింది.

రాళ్లవాగు స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఆ రోజు మీటింగ్. స్టేషన్ బాగుచేయడానికి నాలుగు కోట్లు మంజూరయ్యాయి. ఏయే పనులు చేపట్టాలో జనాన్ని అడగడానికి రైల్వే ఇంజనీరు ఉషశ్రీ వచ్చింది. మిర్యాలగూడ నుంచి బియ్యం వ్యాపారులు కార్లలో దిగారు. రైస్‌మిల్లు యజమాని సీతారామయ్య ముందు వరుసలో కూర్చున్నాడు. ప్రయాణికుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. గేటుకు ఆర్చి, ఏసీ వెయిటింగ్ రూము, కార్ల పార్కింగ్ కావాలని ఆయన రాసిచ్చిన కాగితం అప్పటికే టేబుల్ మీదుంది.

చివరి వరుసలోంచి మల్సూర్ లేచాడు. యాభై ఆరేళ్ల మనిషి. స్టేషన్ వెనక రేకుల ఇంట్లో ఉంటాడు.

"పట్టాలు దాటనీకి బ్రిడ్జి గావాలె మేడమ్."

సీతారామయ్య వెనక్కి తిరిగి చూశాడు.

"నువ్వా మల్సూర్, అడుగుతున్నది?"

"నేనే సేటు."

ఊరు పట్టాలకు ఇవతల, మిల్లులు అవతల. మధ్యలో నాలుగు లైన్లు. షిఫ్టుకు ఆలస్యమైతే కూలీలు ఆగి ఉన్న గూడ్సు కింద నుంచి దూరి, అటువైపు లైన్లో ఏ బండి వస్తోందో చూడకుండానే లేస్తారు.

మల్సూర్ జేబులోంచి నోటుబుక్కు తీశాడు.

"రెండువేల పద్దెనిమిది, జూన్ పన్నెండు. గోపమ్మ. ముప్పై నాలుగేండ్లు. ఎర్ర చీర. చేతిల టిఫిన్ డబ్బ. మూత ఊడలే.

"ఆగస్టు మూడు. పేరు తెల్వదు. మొగమనిషి. బీహారాయన కావొచ్చు. ఎడమ కాలి చెప్పు దొరకలే.

"ఆగస్టు ఇరవై. నగేష్. డిగ్రీ చదివే పిలగాడు. చెవుల్ల ఇయర్‌ఫోన్లు."

గొంతు పెరగలేదు, తగ్గలేదు. రేషన్ షాపులో కార్డు నంబర్లు చదివినట్టు చదివాడు. మొదట్లో గడియారం చూసుకున్నవాళ్లు కాసేపటికి తల దించుకున్నారు. మల్సూర్ కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. లోపల ఏమైనా కదులుతుందేమోనని తనే కాస్త వెతుక్కున్నాడు. ఏమీ కదల్లేదు.

ఉషశ్రీ ల్యాప్‌టాప్‌లో చూసింది.

"ఆరేళ్లకు మా రికార్డులోనూ అరవై రెండే. ఒక్కటి కూడా తేడా లేదు. ఎలా సేకరించారు ఇదంతా?"

"యాదికున్నయ్ మేడమ్. మొన్న మార్చిల రాసిన."

"వీళ్లలో మీవాళ్లెవరైనా ఉన్నారా?"

"లేరమ్మా."

ఇతనికి చెప్పుకోలేని దుఃఖమేదో ఉందనుకుంది ఉషశ్రీ. లెక్క వేసి చూసింది. బ్రిడ్జికే మూడు కోట్ల పైన అవుతుంది. మిగిలేది మరుగుదొడ్లకు, మంచినీళ్లకు సరిపోతుంది. తక్కినవేవీ కుదరవు.

అందరూ సీతారామయ్య వైపు చూశారు. ఆ అరవై రెండు మందిలో తొమ్మిది మంది ఆయన మిల్లు కూలీలే. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆర్చి లేకపోతే ఎవరికీ ఏం గాదు మేడమ్. నా కాగితం పక్కకు పెట్టండి. బ్రిడ్జికే రాయండి."

మల్సూర్ ఇంటికి వచ్చాక భార్య లక్ష్మీనర్సమ్మ అన్నం పెట్టింది.

"ఏమైంది?"

"ఒప్పుకున్నరు."

ఆమె అన్నం గిన్నె మీద మూత పెట్టింది.

"అందరు వాళ్లకు పనికొచ్చేది అడుగుతరు. ఇంట్ల మనుషులున్నరని నీకు జరన్న యాదికుండాలె గద."

మల్సూర్ పళ్లెంలోకి చూస్తూ అన్నం కలిపాడు. ఏం చెప్పాలి? మార్చిలో ఒక పొద్దున ఫోన్ మోగింది. మోగినందుకు తనకు హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తొచ్చి ఆ రోజంతా ముద్ద దిగలేదు. సాయంత్రమే వెళ్లి నోటుబుక్కు కొన్నాడు. ఆ మాట ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియలేదు.

బ్రిడ్జి కట్టడానికి పదకొండు నెలలు పట్టింది. ఈలోగా ఇంకో ఏడుగురు పోయారు. వాళ్లనూ నోటుబుక్కులో చేర్చాడు.

చివరికి ఒక సోమవారం బ్రిడ్జి తెరిచారు. మొదటి షిఫ్టు ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు పట్టుకుని మెట్లెక్కారు. పైన ఆగి, కింద వెళ్తున్న గూడ్సును చూసి నవ్వుకున్నారు. మల్సూర్ కింద ప్లాట్‌ఫారం మీద నిలబడి చూశాడు. ఎవరో వచ్చి చేయి పట్టుకుని, "నీ పుణ్యమే అన్నా" అన్నారు. తలూపాడు.

ఒక నెల గడిచింది. మూడు నెలలు. ఆరు నెలలు. పట్టాల మీద ఒక్కరూ చనిపోలేదు.

లక్ష్మీనర్సమ్మ చెవుల కమ్మలు అమ్మింది. తర్వాత మిల్లులో ఊడ్చే పనికి కుదిరి, రోజూ ఆ బ్రిడ్జి మీదుగానే వెళ్లొస్తోంది. మల్సూర్ కూడా బస్తాలు మోస్తానని సీతారామయ్య మిల్లుకు వెళ్లాడు. గుమాస్తా అతని వయసు అడిగి, "ఈ వయసుల నీతోని గాదు" అన్నాడు.

ఒకరోజు స్టేషన్ ముందు చాయ్ బండి దగ్గర రైల్వే పోలీసు మహేందర్ కలిశాడు.

"ఏం మల్సూర్, ఈ నడుమ కనవడుతనే లేవు."

"మీరు ఫోన్ చేస్తలేరు గద సార్."

"ఫోన్ చేసే పని పడలే. మంచిదే గద."

"మంచిదే సార్."

మహేందర్ ఇంకో చాయ్ చెప్పి, గ్లాసు మల్సూర్ చేతికిచ్చాడు.

పట్టాల మీది శవాలను ఏరి మూటగట్టినందుకు శవానికింతని ముట్టే కూలి తప్ప, పద్దెనిమిదేళ్లుగా మల్సూర్‌కు వేరే సంపాదన లేదు.