రెండు తీగలు

రేడియేటర్ ముందు పట్టుకున్న కాగితం ఎగిరొచ్చి ఆమె ముఖానికే కొట్టుకుంది.

ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగితే కాగితం రేడియేటర్‌కు అతుక్కోవాలి. ఇదేమో ఇంజను వేడినంతా ముందుకు ఊదుతోంది. అంటే ఫ్యాను మోటారుకు తాను కలిపిన రెండు తీగలూ తారుమారయ్యాయి. ఈ పాత లారీలో ఎవరో ఎప్పుడో వైర్లు మార్చేశారు. అది తెలియక ఆమె రంగులు చూసి కలిపేసింది.

ఇటుకలు తోలే పెద్దాయన లారీకి వేరే ఇంజను బిగించారు. బరువు పనులు నాన్న చేశాడు. వైరింగు మొత్తం ఆమెది. నాన్న మెకానిక్ షెడ్డులో ఆమె సొంతంగా చేసిన మొదటి పని అదే. తీరా నిన్న రెండు వీధులు తిరిగేసరికి బండి ఆవిర్లు కక్కింది.

"రేపు మధ్యాహ్నం మళ్ళీ తిప్పుదాం. చల్లగా తిరిగొచ్చిందా, వచ్చే ఇంజను మొత్తం నీ చేతికే. లేదంటే బాబాయి కొట్లో పొట్లాలు కట్టుకుందువు గాని," అన్నాడు నాన్న అప్పుడే.

నవ్వుతూనే అన్నాడు. కానీ బాబాయి నిజంగానే రెండుసార్లు కబురు పెట్టాడు. అది తలుచుకుంటే రాత్రి అన్నం సయించలేదు.

ఇంట్లో గ్లాసుల చప్పుడైంది. నాన్న లేచినట్టున్నాడు. ఆమె గబగబా ఇంజను ఆపి, తీగలు ఊడదీసి, అటుది ఇటు, ఇటుది అటు కలిపేసింది. మళ్ళీ కాగితం పెట్టి చూసే వ్యవధి లేదు.

"పొద్దున్నే బండి మోత వినబడింది?" నాన్న టీ గ్లాసుతో వచ్చాడు.

"ఊరికే... వేడి మీటరు సూది చూద్దామని."

"ఏమైనా దొరికిందా?"

"లేదు నాన్నా." నేల చూపులు చూసింది.

నాన్న రేడియేటర్ వైపు కాసేపు చూసి టీ చప్పరించాడు. "సరే. చేసినవాళ్ళే చూసుకోవాలి. నేను మాత్రం వేలు పెట్టను."

ఆ మాట సూదిలా గుచ్చుకుంది.

పది గంటలకు ఆయనే పిలిచాడు. "షాపుకెళ్ళి రేడియేటర్ గొట్టానికి హోస్ క్లిప్పు ఒకటి పట్రా."

"ఉన్నది బాగానే ఉందిగా నాన్నా?"

"పట్రమ్మా అంటే పట్రా. ఎదురు ప్రశ్నలొకటి!"

తెచ్చేసరికి నాన్న వేరే బండి కింద దూరి కూనిరాగం తీస్తున్నాడు. ఏదో ఒకటి వెతుకుతున్నట్టు కనబడాలి కదా అని ఆమె ఇంజను వేడెక్కితే నీళ్ళకు దారిచ్చే థర్మోస్టాట్ విప్పి వేడినీళ్ళ గిన్నెలో వేసింది. బుద్ధిగా తెరుచుకుంది. రేడియేటర్ మూత రబ్బరు చూసింది. అదీ బాగానే ఉంది. అన్నీ బిగించి, నీళ్ళు నింపి, గాలి బుడగలన్నీ పోయేదాకా ఆగింది. ఈసారి చల్లగా తిరిగొస్తుందని లోపల్లోపల మురిసిపోయింది.

మధ్యాహ్నం ముగ్గురూ లారీ ఎక్కారు. నాన్న స్టీరింగు దగ్గర, పెద్దాయన తలుపు పక్కన, ఆమె మధ్యలో. పెద్ద రోడ్డు మీద ఎదురుగాలికి సూది కదల్లేదు. బజారు ఇరుకులోకి వచ్చి బండి నెమ్మదించగానే పైకి పాకడం మొదలుపెట్టింది.

"మేస్త్రీ, నేను కొన్నది లారీయా, పొయ్యా?" అన్నాడు పెద్దాయన. "కాళ్ళు ఉడికిపోతున్నాయి!"

నాన్న సూది వైపు నమ్మలేనట్టు చూస్తూ చెవి గోక్కున్నాడు. కోపం అణుచుకుంటున్నాడనుకుంది ఆమె. ఒంట్లో ఉన్న ధైర్యమంతా ఆవిరైపోయింది.

షెడ్డుకు చేరారు. పెద్దాయన కాళ్ళు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయాడు. నాన్న ఇంజను ఆపకుండానే దిగాడు. ఆమె కూడా దిగి, జేబులోని కాగితం రేడియేటర్ ముందు పెట్టింది. అది ఎగిరొచ్చి నాన్న పాదాల దగ్గర పడింది.

నాన్న వంగి దాన్ని తీసుకున్నాడు. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు.

"తప్పు నాదే నాన్నా. తీగలు తారుమారుగా కలిపాను. పొద్దున నువ్వు లేచేలోగా సరిచేశాను, నీకు చెప్పలేదు. అయినా ఫ్యాను ఇలా ఎందుకు తిరుగుతోందో తెలియట్లేదు. నాకీ పని రాదు. బాబాయి కొట్టుకే పోతాను."

నాన్న కళ్ళు పెద్దవి చేశాడు. తర్వాత కాగితాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"ఎక్కడికీ పోనక్కర్లేదు. నువ్వు సరిగ్గానే మార్చావు."

"మరి?"

నాన్న కుళాయి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"నిన్ను క్లిప్పు కోసం పంపి నేనూ మార్చాను."