పియానో కింద మనిషి

పియానో కింద ఎవరో దగ్గారు.

హాల్లో నలభై మంది వాయిద్యకారులూ వాయిస్తున్నది ఆపేశారు.

"ఎవరది?" అద్దాల గదిలోంచి సినిమా దర్శకుడి గొంతు మైకులో గద్దించింది.

పియానో కిందనుంచి ఒక నెరిసిన తల బయటికి వచ్చింది. దాని వెనకే పనిముట్ల సంచీ వచ్చింది.

"పెడల్ కిర్రుమంటోందని పిలిచారు సార్. సరిచేస్తుండగానే మీరు మొదలుపెట్టేశారు. మధ్యలో లేస్తే చప్పుడవుతుందని అక్కడే పడుకున్నాను."

"పడుకున్నవాడివి దగ్గడం దేనికి?"

"దగ్గు చెప్పి రాదు కదా సార్."

అందరూ నవ్వారు. సంగీత దర్శకురాలికి మాత్రం నవ్వు రాలేదు. పొద్దుటి నుంచి రికార్డింగ్ ఆగిపోవడం ఇది తొమ్మిదోసారి.

పదిహేనేళ్ళు ఇంకొకళ్ళు రాసిన స్వరాలకి వయొలిన్ వాయించాక, ఇన్నాళ్ళకి ఆమె చేతికో సినిమా వచ్చింది. సముద్రం అడుగున మునిగిన ఓడ, లోపల చిక్కుకున్న పదకొండు మంది, బయటినుంచి తలుపు గీకుతున్న దయ్యం. గది లోపల గాలి అయిపోయే సన్నివేశానికి ఈ సాయంత్రంలోగా సంగీతం కుదరకపోతే సినిమా ఇంకొకరికి ఇచ్చేస్తానని దర్శకుడు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆమె డ్రమ్ములు మోగించింది. బాకాలు ఊదించింది. వయొలిన్ల చేత కెవ్వుమనిపించింది.

"భయం వెయ్యట్లేదండీ, ఆకలేస్తోంది," అన్నాడు దర్శకుడు. "పావుగంట ఆగుదాం."

ఆయన టీ తాగడానికి వెళ్ళగానే, పెద్ద వయొలిన్‌లాంటి చెల్లో వాయించే మేనమామ ఆమె వైపు వంగాడు.

"దిగులుపడకే. ఆయనకి భయం వెయ్యాలంటే మీ అత్తని తీసుకొచ్చి పక్కన కూర్చోబెడదాం."

ఆమె తల పట్టుకుని కూర్చుంది.

పియానో ఆయన పనిముట్లు సర్దుకుంటూ ఆగాడు.

"నాకెందుకులే అనుకున్నాను గానీ, ఒక మాట అడగనా అమ్మా?"

"అడగండి."

"చివర్లో అందరూ ఒకేసారి ఆపేస్తున్నారెందుకు?"

"నేను చెయ్యి దించుతాను, వాళ్ళు ఆపుతారు. ఎక్కడైనా అదే పద్ధతండీ."

"అక్కడ చెయ్యి దించేవాళ్ళు ఎవరుంటారమ్మా? ఎవరి ఊపిరి ఎంతవరకుంటే అంతవరకు. ముందు ఒకరు, కాసేపటికి ఇంకొకరు. మిగిలినవాళ్ళు వింటూనే ఉంటారు. ఆ వినడమే భయం."

ఆమె తలెత్తింది. ఇంకేదో అడగబోయేంతలో తలుపు తెరుచుకుంది.

"ఈయనింకా ఇక్కడే ఉన్నాడా?" అన్నాడు దర్శకుడు, చేతిలో బిస్కెట్‌తో. "ముందు బయటికి పంపండి."

పియానో ఆయన సంచీ భుజాన వేసుకున్నాడు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

ఆమె లేచి నిలబడింది.

"కాగితాలు పక్కన పెట్టేయండి. అందరూ మంద్రంలో ఒకే స్వరం పట్టండి. బాకాలవాళ్ళు ఒక్క ఊపిరితో ఊదండి. మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టి వాయించండి. ఎవరికి ఊపిరాడకపోతే వాళ్ళు ఆపేయండి. నేను చెయ్యి దించను."

"నాకసలే ఆయాసం. ముందే పోతానే," అన్నాడు మేనమామ.

"పోండి మామయ్యా, పర్లేదు."

లైట్లు తగ్గించారు. తెరమీద నల్లటి నీళ్ళు కదిలాయి.

నలభై వాయిద్యాలూ ఒకే స్వరం పట్టాయి. నేల సన్నగా అదిరింది.

ముందు బాకాలు ఒక్కొక్కటే ఆగాయి. తర్వాత మేనమామ చెల్లో ఆగింది. కాసేపు ఎవరూ ఆగలేదు. అంతలో ఒకేచోట ముగ్గురు ఆగిపోయారు. ఇంకా వాయిస్తున్నవాళ్ళు తెలియకుండానే ఆగిపోయినవాళ్ళ వైపు, ఖాళీ కుర్చీలని చూసినట్టు చూశారు.

ఆమె చెయ్యి గాల్లోనే ఉంది.

చివరి వరసలో ఒక్క వయొలిన్ మిగిలింది. అది వణికింది, సన్నబడింది, ఆగిపోయింది.

అద్దాల గదిలో దర్శకుడి బిస్కెట్ నోటిదాకా వెళ్ళి అక్కడే నిలిచిపోయింది. చాలాసేపటికి ఆయన మైకు నొక్కాడు.

"నాకు ఒళ్ళంతా చెమట పట్టిందండీ. ఇదే. ఈ సినిమాయే కాదు, రాబోయేదీ మీదే."

వయొలిన్ల వాళ్ళు కమానులతో ఎదుటి స్టాండ్ల మీద టకటకా కొట్టారు. వాళ్ళ చప్పట్లు అవే. పదిహేనేళ్ళుగా ఆ చప్పట్లు ఇంకొకళ్ళకి కొట్టిన ఆమెకి, ఇవి తనకేనని నమ్మడానికి క్షణం పట్టింది. మేనమామ కళ్ళు తుడుచుకుని, ఆయాసం వల్లేనన్నాడు.

దర్శకుడు హాల్లోకి పరిగెత్తుకొచ్చాడు. "ఎలా తట్టింది మీకు?"

"నాకు కాదండీ. ఇందాకటి పియానో ఆయన చెప్పాడు. ఆయన పేరు కూడా తెరమీద వెయ్యాలి."

"తప్పకుండా. పిలవండి."

వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు. "వెళ్ళిపోయాడు సార్. వాయించడం అయ్యేదాకా వరండాలో గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అయ్యాక నవ్వుకుంటూ వెళ్ళాడు. ఎక్కడుంటాడో ఎవరికీ తెలీదు."

"ఇంతకీ ఏం చెప్పాడాయన?"

ఆమె ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. వింటున్నకొద్దీ దర్శకుడి ముఖం మారిపోయింది.

"ఈ కథ నిజంగా జరిగిందండీ. దయ్యాన్ని మాత్రం నేను కలిపాను," అన్నాడు మెల్లగా. "పదకొండు మందిలో ఒక్కడే బతికి బయటపడ్డాడు. ఆ చీకట్లో ఏం వినిపించిందో అడగాలని రెండేళ్ళు వెతికించాను. దొరకలేదు."

తన జేబులోంచి పాత పేపరు ముక్క తీసి, అందులోని పాతికేళ్ళ కుర్రాడి ఫొటోని వెలుతురులో పెట్టి చూశాడు.

తల నెరవలేదన్న మాటే గాని, అది ఇందాక తాను బయటికి పంపించిన మనిషి ముఖమే.