కాట్రేనికోనలో పుట్టిన ఆస్టిన్

"మీ అబ్బాయి ఇవాళ కూడా భోజనానికి రాలేదు అత్తయ్యగారూ. ఇంటికొస్తే ఒంటినిండా ఆ జిగురు కంపు, రాకపోతే ఆ జిగురు మీదే ధ్యాస. కట్టుకున్నది నన్నో, పడవనో తేల్చుకోమని చెప్పండి," అంది కామేశ్వరి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

వాలుకుర్చీలో ఉన్న దుర్గాంబ నవ్వలేదు. "వద్దంటే వింటాడా? ఎందుకే ఇప్పుడివన్నీ?" అంది మెల్లిగా. కొడుకు శ్రమ చూడలేక అలా అంటోందనుకుంది కామేశ్వరి.

నిజానికి అది పడవ కాదు, కారు. కాకపోతే దాన్ని తయారుచేస్తున్నది కాట్రేనికోనలో ఫైబరు పడవలు చేసే ముత్యాలరాజు. కామేశ్వరి మొగుడు, కొత్తపేట హైస్కూల్లో సైన్సు చెప్పే బాలగంగాధరానికి, తన తండ్రి నడిపిన బేబీ ఆస్టిన్ మళ్ళీ కావాలి. అసలుది ఏ పాతినప సామాన్ల కొట్లో కరిగిపోయిందో ఎవరికీ తెలియదు. అలాంటిదే ఇంకొకటి పాలకొల్లు దగ్గర ఓ రైసుమిల్లు షెడ్డులో కనబడింది. యజమాని అమ్మనన్నాడు గాని అచ్చు తీసుకోనిచ్చాడు. దాని ఒంటికి మైనం రాసి, ముక్కలు ముక్కలుగా అచ్చులు తీసి, వాటిలో ఫైబరు గుడ్డ పరిచి జిగురు పట్టించి, ఆ ముక్కలన్నీ అతికితే కొత్త ఆస్టిన్ తొడుగు తయారైంది. దాని కింద ఓ పాత స్టాండర్డ్ హెరాల్డు కారు ఛాసీ, ఇంజనూ పెట్టారు. వయసు దాచుకుంటారని ఊరికే ఆడవాళ్ళని అంటారని కామేశ్వరి చప్పరించింది.

ముత్యాలరాజు అలవాటు కొద్దీ ముందు వైపు లంగరు తాడు కట్టే కొక్కెం కూడా బిగించేశాడు. తీసెయ్యమంటే ఒప్పుకోలేదు.

"ఉండనివ్వండి మేస్టారూ. మొన్నలాంటి వరద మళ్ళీ వచ్చిందనుకోండి, కొబ్బరిచెట్టుకి కట్టేసుకోవచ్చండి, ఆయ్."

గంగాధరం కడుపులో ఉండగానే తండ్రి పోయారు. ఆయన కాకినాడలో సంస్కృతం చెప్పేవారు. ఆయన పోయాక దుర్గాంబ పుట్టింటికి, కొత్తపేటకి వచ్చేసింది. కాకినాడ సంగతులు తెలిసినవాళ్ళు ఇక్కడెవరూ లేరు. తండ్రి ఎలా ఉండేవారని కొడుకు ఎప్పుడడిగినా, "పెద్ద పండితులు" అనేది. అంతకుమించి ఒక్క ముక్క వచ్చేది కాదు. కారు మాట ఎత్తితే మాత్రం, దీపం వత్తి ఎగదోసినట్టు ఆవిడ మొహం వెలిగేది.

నేరేడుపండు రంగు కారు. వెనక అద్దాలకి దుమ్ము పడకుండా తెరలు. సాయంకాలాలు సముద్రపొడ్డుకి వెళ్ళేవారట. తిరిగొచ్చేటప్పుడు, బ్యాటరీ అరిగిపోతుందని వీధి మొగలోనే దీపాలు ఆర్పేసేవారట. పసిపిల్లలు లేస్తారని హారను కొట్టేవారు కాదట. సందు ఇరుకు కాబట్టి దుర్గాంబ అక్కడే దిగి ఇంటికి నడిచి వచ్చేదట. గంగాధరం ఇవన్నీ బుర్రలో అచ్చు వేసుకున్నాడు. వేదం వల్లించిన ఇంట్లో స్పానరు పట్టిన చెయ్యి అతనిదొక్కటే. కారు నడిపిన తండ్రి పోలికే వచ్చిందని అందరూ అనుకునేవారు.

"మామగారెంత సరసులండీ. వారి అబ్బాయి నన్ను ఇన్నేళ్ళలో రావులపాలెం దాటించలేదు," అని కామేశ్వరి దెప్పేది. మొగుడి పిచ్చిని ఎంత వెక్కిరించినా, తెరలు కుట్టింది మాత్రం తనే. దానికో కారణం ఉంది. ఓ రోజు గంగాధరం చేతులకి కిరసనాయిలు రాసుకుని జిగురు వదిలించుకుంటూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"ఆయన ఫొటో అయినా లేదు నా దగ్గర. అమ్మ చూసి ఇదే అందనుకో, నాన్నగార్ని ఒక్కసారి చూసినట్టు ఉంటుంది నాకు."

ఆ తర్వాత ఆమె వెక్కిరింత కాస్త తగ్గింది.

కారు వచ్చిన సాయంత్రం వీధి వీధంతా అరుగుల మీదే ఉంది. దుర్గాంబ కర్ర పట్టుకుని మెట్లు దిగింది. బానెట్ మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది. గంగాధరం పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఇదేనా అమ్మా?"

"ఇదేరా," అంది ఆవిడ. గొంతు పడుచుపిల్ల గొంతులా పలికింది.

గంగాధరం తల తిప్పుకుని, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

అత్తాకోడళ్ళు వెనక కూర్చున్నారు. కారు కాలవగట్టు మీద, ఆ కాలవని ఏటి మీంచి దాటించే గన్నవరం అక్విడెక్టు వైపు సాగింది. దుర్గాంబ తెర కొద్దిగా తొలగించి, చేల మీంచి వచ్చే గాలికి కళ్ళు మూసుకుంది. ముందు సీట్లో గంగాధరం నిటారుగా కూర్చుని, తను చూడని మనిషిని అనుకరిస్తున్నాడు.

"నాన్నగారు స్టీరింగు ఇలాగే పట్టుకునేవారా అమ్మా?"

"ఒంటి చేత్తో," అంది ఆవిడ కళ్ళు విప్పకుండానే.

అతను వెంటనే ఒక చెయ్యి తీసేశాడు. "రెండూ పెట్టండి. పక్కనే కాలవ," అంది కామేశ్వరి.

అక్విడెక్టు దగ్గర ఇంజను వేడెక్కింది. గంగాధరం కారాపి, చెంబు తీసుకుని నీళ్ళకోసం రేవులోకి దిగాడు. అతను అంత సంతోషంగా నడవడం కామేశ్వరి పెళ్ళినాడు కూడా చూడలేదు.

ఇటు తిరిగేసరికి అత్తగారి చెంపలు తడిసి ఉన్నాయి.

"మామగారు గుర్తొచ్చేరా అత్తయ్యగారూ?"

దుర్గాంబ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తప్పు చేశానే కామేశ్వరీ. చిన్నప్పుడు వాడు ఆశగా అడిగితే తలూపేశాను. ఆ తర్వాతైనా చెప్పెయ్యవలసింది. ఇంత కష్టం పడనిచ్చాను వాణ్ణి."

"ఏం చెప్పవలసిందండీ?"

చెంబు తొణక్కుండా గట్టెక్కి వస్తున్న కొడుకునే చూస్తూ దుర్గాంబ అంది:

"ఆ కారు మీ మామగారిది కాదు."