గోడ అవతలి గొంతు

బుడేన్ సాహెబ్ చేతులు వణుకుతున్నాయి. క్రేన్ పిడి చెమటకు జారిపోతోంది.

గోడకు అవతల, అతని కంటికి కనబడని చోట, ఒక మనిషి కాలు కాంక్రీటు దిమ్మె కింద ఇరుక్కుంది. దిమ్మె ఇంకా క్రేన్ తాడుకే ఉంది. జానెడు ఎత్తితే చాలు, కాలు బయటికొస్తుంది. ఒక్క కుదుపు వచ్చిందా, దిమ్మె దొర్లి మనిషి మీదే పడుతుంది.

తప్పు సాహెబ్‌దే. "ఆగు" అని వినబడినా ఆగకుండా దించేశాడు. పొద్దుటి కోపం ఇంకా దిగలేదు మరి.

ఆ కోపం భీమయ్య మీద. దుబాయ్‌లో కొత్త రేవు కట్టే ఈ పనిలో భీమయ్య సిగ్నల్ మనిషి. గోడ అవతల నిలబడి వాకీటాకీలో చెబుతాడు. సాహెబ్ ఎత్తుతాడు, దించుతాడు. క్యాంపులో ఇద్దరిదీ ఒకటే గది. ఆ గదిలోనే మొన్న పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది దాకా సింగపూర్ చీనా ముసలాయన లిమ్ ఉండేవాడు. పోతూ పోతూ తావో సాధన అంటూ, ఊపిరి వదులుతూ పలికే ఆరు చీనా శబ్దాలు భీమయ్యకు అంటించిపోయాడు. కోపానికొకటి, దిగులుకొకటి, భయానికొకటి. రోజూ తెల్లారగానే భీమయ్య మంచం మీద కళ్లు మూసుకుని కూర్చుంటాడు. కోపం ఉండేది కాలేయంలోనట, దాన్ని తలుచుకుని చిన్నగా నవ్వుతాడు. తర్వాత "ష్..." అంటూ ఊపిరి వదులుతాడు.

సాహెబ్‌కు ఒళ్లు మండేది. ఆ పొద్దున అనేశాడు.

"కార్జానికి నవ్వేందిరా? వేపుడు చేసుకోని తిను! నా నిద్ర చెడగొట్టేదానికే దాపురించినావు."

టీ గ్లాసు కూడా విసిరికొట్టాడు.

ఇప్పుడు ఆ భీమయ్యే వాకీటాకీలో పిలుస్తున్నాడు.

"సాహెబ్, పిడి మీదికెల్లి చెయ్యి తియ్యి."

"ఎవురు కింద? మా అమీర్ జానా?" సాహెబ్ తమ్ముడు కూడా అవతలే పనిచేస్తున్నాడు.

"నీ తమ్ముడు మంచిగున్నడు. ఈడనే, నా పక్కకే ఉన్నడు."

"మరెవురు?"

"పేరుతోని నీకేం పని? మనోడే. ముందుగాల ఊపిరి కడుపులకు తీస్కో."

"నా వల్ల కాదు భీమయ్యా. ఇంకో ఆపరేటర్ని పిలిపించు."

"ఆయన వచ్చేసరికి ఖలాస్. భయం కిడ్నీలల్ల ఉంటదన్నడు లిమ్. నడుము ఎన్క చేతులు పెట్టు. వాటిని తలుసుకొని నవ్వు."

"ఇప్పుడు నవ్వాలా!"

"నవ్వు. దీపం ఆర్పినట్టు మెల్లగ ఊదు. చూ..."

సాహెబ్ నవ్వబోయాడు. ఏడుపొచ్చింది. అయినా ఊదాడు. అవతల భీమయ్య కూడా ఊదుతున్నాడు, నిదానంగా, పొడుగ్గా.

"ఆ మనిషెట్లుండాడు?"

"నీ లెక్కనే ఊదుతున్నడు."

"నువ్వు దగ్గరే ఉండావా?"

"నాకన్న దగ్గర ఎవ్వరు లేరు. ఇంకోపారి ఊదు."

నాలుగోసారికి వేళ్లు నిలిచాయి. సాహెబ్ అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని పిడి పట్టుకున్నాడు.

"యల్లా, ఇగ కానియ్యి సాహెబ్. ఎంట్రుకంత పైకి... ఇంకొంచెం..."

గొంతు ఆగిపోయింది. సాహెబ్ పిడిని ఉన్నచోటే బిగబట్టాడు.

"...ఇంక. ఇంక జర. ఆగు! గట్లనే పట్టు."

తాడు కదల్లేదు. గోడ అవతల ఒక్కసారిగా కేకలు లేచాయి.

"వచ్చిందా కాలు? భీమయ్యా, మనిషి బతికినాడా?"

"వచ్చింది. బతికిండు."

సాహెబ్ క్యాబిన్ అద్దానికి తల ఆనించి భోరుమన్నాడు. "పొద్దున నిన్ను నానా మాటలన్నాను. మాఫ్ చెయ్యబ్బా."

"పొద్దటిది పొద్దుగాలనే ఊదేసిన సాహెబ్."

గోడ అవతల అమీర్ జాన్, అప్పటిదాకా భీమయ్య నోటి దగ్గర పట్టుకున్న వాకీటాకీని ఇసుకలో పడేసి, దిమ్మె కింది నుంచి లాగిన భీమయ్య కాలికి తన చొక్కా చుట్టాడు.