ఒక చెయ్యి ఖాళీగా

"గా పెట్టె వద్దు దొరా. దాని మీద మీ పేరున్నది," అన్నాడు వెంకటి.

తోలుపెట్టె మీద ఇత్తడి అక్షరాలతో తన పేరు వేయించుకున్న రోజున పురుషోత్తం రావు ఎంత మురిసిపోయాడో, ఇప్పుడు దాన్ని చూసి అంత హడలిపోయాడు. వెంకటి ఆ గడిలో, కోటలాంటి దొర ఇంట్లో, జీతగాడు. బొంబాయి దగ్గర భీవండి మగ్గాల మీద రెండేళ్లు పనిచేసి వచ్చినవాడు కాబట్టి, బస్సు ప్రయాణం తెలిసిన మనిషి ఆ ఇంట్లో అతనొక్కడే. దొరకు యాభై ఎనిమిదేళ్లొచ్చినా జీపు తప్ప ఎరగడు. దొరసాని సులోచన సంగతి సరేసరి, కరీంనగర్ జిల్లా ఇబ్రహీంపట్నం పక్కనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చాక గడి గేటు దాటిందే తక్కువ.

పొద్దున్నే తలుపు సందులో ఉత్తరం దొరికింది. ఎర్ర సిరా, పొందికైన అక్షరాలు. రేపు తెల్లారేలోగా భార్యతో సహా ఊరు విడవాలి. జీపు తీస్తే అది దారిలోనే ఆగుతుంది. పోలీసులకు చెబితే ప్రజాకోర్టు. కింద 'ప్రజలు' అని సంతకం. పక్క ఊరి జగన్మోహన్ రావు పోయిన నెల ఇలాంటి ఉత్తరాన్నే నవ్వుతూ చింపేశాడు. అతని దినానికి వెళ్లి భోజనం చేసి వచ్చాడు పురుషోత్తం రావు.

"నీ మాట గూడ రాసిండ్రు," అన్నాడు భార్యతో.

"రాసినంక ఏం జేస్తం. సర్దుకుందాం," అంది సులోచన.

దొర ఆరు తెల్ల పంచెలు, వెండి మరచెంబు, గోడ గడియారం, తుపాకీతో దిగిన తాతగారి ఫోటో తెచ్చి మంచం మీద పేర్చాడు. వెంకటి ఒక్కొక్కటే తీసి అవతల పెట్టాడు. తెల్ల పంచె కడితే కోసు దూరం నుంచే దొర అని తెలిసిపోతుందట. బస్సే టైముకు రాదు, గడియారం దేనికట. టికెట్టు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదట, కండక్టరే దగ్గరికొస్తాడట. అతన్ని మాత్రం 'ఒరే' అనకూడదట. చావు భయంలో కూడా ఆ చివరి మాట దొరకు కష్టంగానే తోచింది.

"అన్నిటికన్న ముఖ్యం ఒకటున్నది దొరా. ఒక చెయ్యి ఖాళీగ ఉండాలె. రెండు చేతులు నిండితే బస్సుల ఏం పట్టుకొని నిలబడతరు?"

సులోచన యూరియా బస్తాతో కుట్టిన చేతిసంచి ఒక్కటే సర్దింది. వాము, శొంఠి, ఎల్లిపాయలు, మెత్తబడ్డ పాత చీరల ముక్కలు. పొద్దుటి నుంచి భయానికి తన కడుపు కదిలిపోతున్న సంగతి ఆమె కనిపెట్టిందనుకుని దొరకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరెండిపోయి ఒక వక్కపలుకు అడిగాడు. ఆమె నడుముకు దోపుకున్న చిన్న వక్కల సంచిని తడిమి, అయిపోయాయంది. ఖాళీ సంచి మోసుడెందుకని వెంకటి అడిగితే, అది మా అమ్మది, ఉండనీ అంది.

ఇక ఎక్కడికన్నది తేలలేదు. కరీంనగర్ రోడ్డు మీద నక్సలైట్ల కళ్లుంటాయి. జగిత్యాల లాడ్జిలో పేరు రాయాలి. కోరుట్ల చుట్టం కరుణాకర్ రావు పోయినేడే ఇంటికి తాళం వేసి ఎటో వెళ్లిపోయాడు.

"సిరిసిల్ల ఉన్నది గద దొరా. మగ్గాల గల్లీల దొర ఉంటడని ఎవడనుకుంటడు?" అన్నాడు వెంకటి నేల చూస్తూ.

సిరిసిల్లలో వాళ్ల ఒక్కగానొక్క కూతురు కౌసల్య ఉంది. నేతపని చేసే గోవర్ధన్‌ని పెళ్లి చేసుకుని మూడేళ్లయింది. ఆ గడప తొక్కనని, ఈ ఇంటి మనిషినెవర్నీ తొక్కనివ్వనని దొర ఒట్టు పెట్టుకున్నాడు. పది రోజుల కింద కాన్పు కష్టమైందని కబురొస్తే, తెచ్చినవాణ్ణి గేటు బయటి నుంచే పంపేశాడు.

"గా పేరెత్తకు వెంకటీ," సులోచనే అడ్డుపడింది. "ఒట్టు పెట్టుకున్నరు. సచ్చినా గాడ అడుగు పెట్టరు."

సచ్చినా అన్న మాట దొర గుండెలో దిగింది. "ఒట్టు నాది. నువ్వెవరు చెప్పెటందుకు? సిరిసిల్లకే పోతం," అన్నాడు.

వెంకటి ఇచ్చిన లుంగీ కట్టి, తలకు తువ్వాల చుట్టి దొర కోరుట్ల బస్టాండులో నిలబడ్డాడు. దుబాయి పోయేవాళ్లు తాళ్లతో కట్టిన పెట్టెల మీద కూర్చున్నారు, వాళ్ల ఆడవాళ్లు ఏడుస్తున్నారు. దొరను ఎవరూ చూడలేదు. వెంకటి దొరను, దొరసానిని బస్సెక్కించి వెనక్కి మళ్లాడు.

కథలాపూర్ దగ్గర ఇద్దరు యువకులు ఎక్కారు. ఒకడు నేరుగా వచ్చి దొర భుజం మీద చెయ్యి వేశాడు. అయిపోయిందనుకుని పురుషోత్తం రావు కళ్లు మూసుకున్నాడు.

"పెద్దమనిషీ, జర జరుగు," అన్నాడు ఆ యువకుడు.

జరిగాడు. బుద్ధెరిగాక ఇంకొకరి కోసం జరగడం అతనికి అదే మొదలు.

సిరిసిల్లలో గోవర్ధన్ మగ్గం ఆపి, ఏమీ అడగకుండా కాళ్లకు నీళ్లిచ్చాడు. కౌసల్య మంచంలో పాలిపోయి ఉంది. చూసుకునే ఆడదిక్కు లేదు, ఒళ్లు కాలిపోతోంది. సులోచన కూతురి నుదురు తడిమి, వక్కల సంచి తీసి గూట్లో పెట్టి, కొంగు బిగించి, వాము పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది. చీరముక్కల్లో చుట్టిన పదిరోజుల పసివాణ్ణి గోవర్ధన్ తెచ్చి మామ ఒళ్లో పెట్టాడు.

పురుషోత్తం రావు సిగ్గు విడిచి ఏడ్చాడు.

"గా ఉత్తరం రాకపోతే వీని మొకం సూడకనే పోదును," అన్నాడు. సులోచన వంగి పొయ్యి ఊదుతోంది.

ఏడ్చి ఏడ్చి గొంతెండిపోయింది. అడుగున ఒక్క పలుకైనా మిగిలి ఉండకపోతుందా అని, ఒక చేత్తో మనవణ్ణి పొదువుకుని, ఖాళీగా ఉన్న రెండో చేత్తో గూట్లోని వక్కల సంచి అందుకుని ఒళ్లో బోర్లించాడు.

ఎర్ర సిరా పెన్ను పడింది.